సోంబేరి అరుగు

"ఫోటో ఎవురు తీసినారు?"

స్పెయిన్ నుంచి కువైట్‌కు తిరిగి వచ్చాక మా ఆయన నన్ను అడిగిన మొదటి మాట ఇది. తిన్నావా అని కాదు, పిల్లోణ్ణి ఎత్తుకుని అంత దూరం విమానంలో ఎట్లా వచ్చావని కాదు. నేనప్పుడు జహ్రాలో, నేను పనిచేసే ఇంట్లో, మెట్ల కింద నిలబడి బాబా దిష్‌దాషాలు, ఆయన తొడిగే పొడుగు చొక్కాలు, ఇస్త్రీ చేస్తున్నాను. బాబా అంటే ఇంటాయన, మామా అంటే ఇంటామె. వాళ్ల సెలవులు అయిపోయాయి, ఆ సెలవుల బట్టలు నాకు మిగిలాయి. సూట్‌కేసులన్నీ విప్పి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ దాకా వచ్చాను. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తెలిసి కూడా, "యా ఫోటో?" అన్నాను.

"తెలీనట్ల మాట్లాడొద్దు. స్టేటస్‌లో పెట్టినావే, రంగుల అరుగు మీద కూచోని, పండ్లన్నీ కనపడేట్ల నగుతా. అది నువ్వు తీసుకున్న ఫోటో గాదు. నీ చేతులు రెండూ ఒళ్లో ఉండాయి. మరి ఎవురు తీసినారు?"

"ఒక ముసిలామె."

"పేరేంది?"

"తెల్దు."

"పేరు తెలీని మనిషి చేతికి ఫోన్ ఇచ్చినావా?"

ఇస్త్రీ పెట్టె కాలర్ మీద ఎక్కువసేపు ఆగింది. గుడ్డ వాసన వచ్చేసరికి ఎత్తేశాను. ఇంత చదువూ లేని మనిషి, చేతులు ఒళ్లో ఉన్నాయని ఎంత బాగా గమనించాడో అనిపించింది. నా మోకాళ్లు వాచిన సంగతి గమనించమంటే రెండేళ్లు పట్టింది.

స్పెయిన్ పోయానంటే మా ఊళ్లో అందరూ నన్ను తీసుకుపోయారని అనుకున్నారు. నన్ను కాదు, వాళ్ల చిన్నోడు సౌద్‌ను తీసుకుపోయారు. సౌద్‌తో పాటు వాడి తోపుడు బండి, వాడి పాల సీసాలు, వాడు నిద్రపోవడానికి కావలసిన దిండు, నేను. అక్క దానా పెద్దది, తన పని తాను చేసుకుంటుంది. వీడికి మాత్రం నేను లేకపోతే ముద్ద దిగదు. వీసాకు వేలిముద్రలు ఇవ్వడానికి నన్ను తీసుకెళ్లిన రోజు, మాతో పాటు వంట చేసే మున్నీ బీ, మాది రాయచోటి దగ్గర పల్లె అయితే ఆమెది రాయచోటే, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. "పో మే పో, మన మండలంలో ఎవురికీ దొరకని యోగం" అంది. యోగమే. కువైట్‌లో తుడిచిన నేలను తలుచుకుంటూ ఇంకో దేశం నేల తుడిచే యోగం.

సముద్రం పక్కన ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అక్కడా ఉదయం లేచేది నేనే, చివరికి పడుకునేది నేనే. ఒక సాయంత్రం మామా, "రేపు ఇష్బీలియా" అంది. కువైట్‌లో ఇష్బీలియా అని ఒక పేట ఉంది. మామా చెల్లెలి ఇల్లు అక్కడే, నెలకోసారి నేను అక్కడికి పోయి వాళ్ల గిన్నెలు కూడా కడిగి వస్తాను. సరే, సెలవులు అయిపోయాయి కాబోలు అనుకుని సూట్‌కేసులన్నీ సర్ది, వంటింట్లో సామాను అట్టపెట్టెల్లో పెట్టి, ఫ్రిజ్ కూడా ఖాళీ చేసి తుడిచాను. తెల్లారి వాళ్లు చూసి పడీపడీ నవ్వారు. అసలు ఇష్బీలియా ఇక్కడిదేనట. సెవియా అని ఊరు, అరబ్బులు ఒకప్పుడు ఏలినప్పుడు పెట్టిన పేరు అది, కువైట్‌లో పేటకు ఆ పేరు తెచ్చి పెట్టుకున్నారు. మామా ఈ సంగతి చెల్లెలికి ఫోన్‌లో చెప్పి నవ్వింది, తల్లికి చెప్పి నవ్వింది. పెట్టెలు మళ్లీ విప్పింది నేను. నాకూ నవ్వు వచ్చింది గానీ వాళ్ల ముందు నవ్వలేదు.

సెవియాలో వాళ్లు చూడాలనుకున్నది ప్లాసా దె ఎస్పాన్యా అనే పెద్ద బయలు. దాని చుట్టూ సగం చుట్టు తిరిగిన ఎర్ర ఇటుకల భవనం, ముందు కాలువ, కాలువ మీద చిన్న చిన్న వంతెనలు, కాలువలో తెడ్లు వేసుకునే పడవలు. భవనం గోడ పొడుగునా అరుగులు. మన ఇళ్ల ముందు ఉండేలాంటివే, కానీ నిలువెల్లా నీలం, పసుపు రంగుల పెంకులు అతికించినవి. ఒక్కో అరుగు వెనక గోడ మీద ఒక బొమ్మల కథ, కింద ఒక పేరు. బాబా దానాకు చెబుతుంటే విన్నాను: ఈ దేశంలోని ఒక్కో జిల్లాకు ఒక్కో అరుగట. చూస్తుండగానే ఒక కుటుంబం పరిగెత్తుకుంటూ వచ్చి, తమ జిల్లా పేరు వెతుక్కుని, ఆ పేరును చేత్తో తడిమి, అందరూ ఒకరి మీద ఒకరు పడి కూర్చుని ఫోటో తీయించుకున్నారు.

నేను అనుకున్నదేమంటే, ఏ జిల్లావాళ్లు ఆ జిల్లా అరుగు మీదే కూర్చోవాలని. నాకు అది వింతగా కూడా అనిపించలేదు. మా ఊళ్లో ఎవరి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో ఎక్కడా రాసి ఉండదు గానీ అందరికీ తెలుసు. ఇక్కడివాళ్లు తెలివైనవాళ్లు, రాసి పెట్టుకున్నారు, అంతే తేడా. మనకే ఇట్లాంటివి కడితే నేను ఎక్కడికి పోవాలా అని కూడా ఆలోచించాను. నా పాస్‌పోర్టులో కడప జిల్లా అని ఉంది. ఆ తర్వాత మా ఊరిని అన్నమయ్య జిల్లాలో కలిపారు. కడప అరుగువాళ్లు నీది అది కాదు పొమ్మంటారు, అన్నమయ్య అరుగువాళ్లు నీ కాగితం చూపించమంటారు. నాకు నిలబడటమే రాసిపెట్టి ఉంది.

ఎండ కువైట్ ఎండే. మామా ఫోన్ నా చేతికి ఇచ్చి, "సౌరీనా" అంది. మమ్మల్ని ఫోటో తియ్యి అని. నాకు వచ్చిన అరబ్బీ అంతా ఇట్లాంటిదే. తఆలి, రా. జీబి, తీసుకురా. రూహి, పో. యల్లా, త్వరగా. కూర్చో అనే మాట కూడా తెలుసు గానీ అది నాతో ఎవరూ అన్నది కాదు, పిల్లలతో, చుట్టాలతో అంటుంటే విని నేర్చుకున్నది. వంతెన మీద తీశాను, నీళ్లు చిమ్మే ఫౌంటెన్ ముందు తీశాను, నాలుగైదు జిల్లాల అరుగుల మీద తీశాను. మామా నవ్వు బాగా రాకపోతే మళ్లీ తీశాను. ఆ బయలును నేను అప్పటిదాకా చూసింది ఆమె ఫోన్ అద్దంలోనే, ఎవరి తలా తెగలేదు కదా అని.

తర్వాత వాళ్లు నలుగురూ పడవ ఎక్కారు. సౌద్ నా కోసం చేతులు చాపి ఏడ్చాడు. బాబా వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని తెడ్డు చేతికి ఇచ్చాడు, ఏడుపు మానేశాడు. బండి, సంచులు, దానా కొన్న బొమ్మ, అందరి నీళ్ల సీసాలు నా దగ్గర. పడవ వంతెన కిందికి పోయింది. నేను ఒక అరుగుకు కాస్త ఇవతల, ఎండలో నిలబడ్డాను.

ఆ అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పూల గౌను, లావుపాటి మనిషి, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని విసనకర్రతో విసురుకుంటోంది. నన్నూ నా సంచులనూ చూసి, పక్కన చేత్తో తట్టింది. నేను తల అడ్డంగా ఊపి, గోడ మీద పేరు చూపించి, నన్ను చూపించుకుని, నాది కాదు అని చెయ్యి తిప్పాను. ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కడుపు పట్టుకుని నవ్వింది. తననూ చూపించుకుని, ఆ పేరునూ చూపించి, తనదీ కాదని వేలు ఊపింది. దూరంగా, ఆ సగం చుట్టు అవతలి కొసన, ఎండకు భగభగమంటున్న వైపు చూపించింది. ఆమె జిల్లా అక్కడట. అక్కడ కూర్చుంటే మాడిపోతామని గౌను పట్టుకుని దులిపింది. మళ్లీ పక్కన తట్టింది.

సంచులు కింద పెట్టి, అంచున, ఒక పక్క మాత్రం ఆనించి కూర్చున్నాను. ఆమె సంతోషంగా నా వైపు తిరిగి, "సోంబ్రా" అంది. "సోంబ్రా, సోంబ్రా!"

దిగ్గున లేచి నిలబడ్డాను.

నా చెవికి సోంబేరి అని, సోమరిదానా అని వినపడింది. మా అత్త నన్ను పిలిచిన పేరు అది. పెళ్లైన కొత్తలో మధ్యాహ్నం గిన్నెలు తోమి గోడకు చేరగిలబడితే, "సోంబేరి. ఆడది కూచుంటే ఇల్లు కూచుంటాది" అనేది. బాలింతగా ఉన్నప్పుడు అంది. చెరుకు కొట్టి వచ్చి మంచినీళ్లు తాగడానికి చతికిలబడితే అంది. మా ఆయన అన్నాడు, నవ్వుతూనే, నలుగురిలో, "మా సోంబేరి లేస్తే గానీ కాఫీ రాదు" అని. ఆ నలుగురూ కూర్చున్న అరుగు రోజూ కడిగి ముగ్గు పెట్టేది నేను. ఇప్పుడున్న కొత్త ఇంటి అరుగుకు నున్నటి కడప బండలు నేనే కువైట్ నుంచి వీడియోలో చూసి ఎంచాను. పరిచినాక ఎట్లుందో చూపిస్తానని మా ఆయన ఫోన్ తిప్పితే, దాని మీద మా బావ, మా ఆడబిడ్డ మొగుడు, ఇంకెవరో ఇద్దరు కూర్చుని ఉన్నారు. బండ కనపడలేదు. సెలవుకు పోయినప్పుడు కూడా నేను ఆ అరుగు కడిగి, దాటి లోపలికి పోయానే గానీ ఒక్కపూటా దాని మీద కూర్చోలేదు. ఈ దేశం కాని దేశంలో, నా భాష రాని మనిషికి కూడా నన్ను చూడగానే ఆ మాటే ఎట్లా తట్టిందా అని నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె కంగారుపడి నా చెయ్యి పట్టుకుంది. అరుగు మీద పడిన భవనం నీడలో నా అరచేతిని పెట్టి, "సోంబ్రా" అంది. నీడ అంచు దాటించి ఎండలోకి జరిపి, "సోల్" అంది. మళ్లీ నీడలోకి తెచ్చి, "సోంబ్రా". చిన్నపిల్లకు చెప్పినట్టు రెండుసార్లు చెప్పింది. సోంబ్రా అంటే నీడ. ఓ యమ్మా, నీడా అనుకున్నాను. అప్పుడు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఈసారి వెనక్కి జరిగి, గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

పెంకులు చల్లగా ఉన్నాయి. ఎదురుగా నీళ్లు, నీళ్లలో వంతెన, గుర్రబ్బండి గంటలు, ఎవరో పిల్ల బుడగ వదిలేసి ఏడుస్తోంది, దాన్ని ఊరుకోబెట్టాల్సింది నేను కాదు. నాకు ఆ మాట మళ్లీ మళ్లీ మనసులో తిరిగింది, ఊరుకోబెట్టాల్సింది నేను కాదు. ఇన్నేళ్లుగా నా ఒంట్లో ఎప్పుడూ ఒక చెవి ఎవరో పిలుస్తారని కాచుకుని ఉండేది. అది కాసేపు పడుకుంది. నాకు సంతోషం వేసింది. పెళ్లి అప్పుడు కూడా వేయనంత సంతోషం, ఒక నీడ అరుగు మీద కూర్చున్నందుకు. దాన్ని దాచుకోవాలనిపించి నా ఫోన్ ఆమె చేతికి ఇచ్చాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె ఒకటే తీసింది, దాంట్లో కూడా మూలన ఆమె బొటనవేలు పడింది.

పడవ తిరిగొచ్చాక నన్ను అట్లా చూసి మామా ముఖం మారింది. కోపం కాదు, భయం. "తఅబానా?" అంది. ఒంట్లో బాగాలేదా అని. నేను కూర్చుంటే జబ్బు చేసినట్టే. లేదు మామా అని లేచి సౌద్‌ను అందుకున్నాను.

ఇదీ ఆ ఫోటో కథ. ఇదంతా మా ఆయనకు చెప్పాను. మొదటి రోజే, ఇస్త్రీ ఆపకుండా, సోంబ్రాతో సహా చెప్పాను. ఆయన విన్నాడు. మర్నాడు మళ్లీ ఫోన్ చేశాడు.

"మా యక్క ఫోటో పెద్దది చేసి చూసింది. ఆ మూల ఏలు మగోని ఏలంట."

మా ఆడబిడ్డ పేరే పెద్దక్క. ఊళ్లో ఎవరి కోడలు ఎట్లాంటిదో తేల్చే పని ఆమెది.

"ముసిలామె లావుగా ఉండాది. ఏలు గూడా లావే" అన్నాను.

"గోటికి రంగు ల్యా. గాజు ల్యా. స్పెయిన్‌లో ఆడోళ్లు రంగేసుకోకుండా ఉంటారా అంటాంది."

"నాకేం తెలుసు, ఆమెనే అడగమను."

"చూడు, నాకు నీ మీద అనుమానం ల్యా. నలుగురి నోరు మూయించేదానికి చెప్తాండా. వచ్చే నెల సెలవుకు వస్తావు గదా, నేరుగా కాణిపాకం పోదాం. అందరి ముందర ప్రమాణం చెయ్. ఆపైన ఇంటికి పోదాం."

"చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే గడప యెట్ల తొక్కుతావు?" అన్నాడు. అదీ నెమ్మదిగానే అన్నాడు.

కోనేట్లో మునిగి, కాణిపాకం వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి అబద్ధం చెప్పినవాడు బాగుపడడని మా వైపు నమ్మకం. కోడి దొంగతనం దగ్గర్నుంచి పొలం గట్టు తగాదా దాకా అక్కడ తేలతాయి. ఆ దేవుడంటే నాకూ భక్తే. మున్నీ బీతో చెబితే ఆమె ఉల్లిపాయలు తరుగుతూ, "నువ్వు చెప్పేది నిజమే గదా మే. ఇంకేం? ఒక మునక, నాలుగు మాటలు, ఖలాస్. మీ ఆడబిడ్డ నోట్లో మన్ను. దీనికోసరం ఇల్లు పోగొట్టుకుంటావా?" అంది.

నేనూ అట్లాగే అనుకున్నాను. నిజానికి మునిగితే పోయేదేముంది? రెండేళ్లయింది మా పెంచల లక్ష్మిని చూసి. అది మా అమ్మాయి, తిరుపతిలో నర్సింగ్ చదువుతోంది. దాని పక్కన ఒక పూట పడుకుంటానంటే ఏ నీళ్లలోనైనా మునుగుతాను. సరే చేస్తాలే అని మనసులో ఒప్పేసుకున్నాను కూడా. ఆ మాట దానికి చెబుదామని శుక్రవారం ఫోన్ చేశాను. మాట్లాడుతూ మాట్లాడుతూ దాని ఫోటో ఉండాల్సిన చోట ఏదో మందార పువ్వు కనిపించింది.

"యాంది పాపా, నీ ఫోటో తీసేసినావా? తెల్లకోటు యేసుకోని బాగుండ్య గదా?"

"నాయిన అడిగినాడు మా" అంది.

"యేమని?"

"ఎవురు తీసినారని. మా ఫ్రెండే మా, రూమ్‌లో తీసింది. చెప్పినా. ఆయమ్మితో ఫోన్‌లో మాట్లాడించమన్యాడు. నాకు సిగ్గయి పువ్వు పెట్టేసినా." ఆ వెంటనే, "అమ్మా, నీ ఫోటో మాత్రం తీసేయాకు మా. నువ్వు కూచోనుంటే నేను ఎప్పుడూ సూల్యా" అంది.

ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్లు మండింది. నా బిడ్డ తన ముఖం తీసేసి పువ్వు పెట్టుకుంది. నేను తడిబట్టలతో నిలబడి ప్రమాణం చేస్తే అందరూ చూస్తారు. అది కూడా చూస్తుంది. ఇల్లు అంటే అడిగినప్పుడల్లా మునగడమని నేనే నేర్పినట్టవుతుంది. నేను ఒకసారి మునిగితే నా తర్వాత అది ఎన్నిసార్లు మునగాలో నాకు తెలియదు.

ఈరోజు మళ్లీ ఫోన్ వచ్చింది. మళ్లీ ఇస్త్రీ, మళ్లీ దిష్‌దాషాలు. స్విచ్ ఆపేసి, పెట్టెను నిలబెట్టి, మెట్టు మీద కూర్చున్నాను. వంటింటి గుమ్మంలో మున్నీ బీ నిలబడి చూస్తోంది.

"టికెట్ అయిందా? కాణిపాకం ఏ రోజని మా యక్క అడుగుతాంది" అన్నాడు.

"నేను కాణిపాకం రాను."

"అంటే తప్పు ఉన్నట్లేనా?"

"నిజం నీకు మొదటి దినమే చెప్పినా. తడిగుడ్డల్తో చెప్తే అది ఇంకా నిజమైపోదు. పాప ఫోటో ఎవురు తీసినారని ఇంగోసారి అడగాకు."

"అయితే ఇంటికి రావా?" గొంతులో ఇప్పుడు కొంచెం తడబాటు ఉంది.

"రాకుండా యాడికి పోతా? వస్తా. నేను ఎంచిన బండలు, నేను కడిగిన అరుగు. పొద్దున ఏ పక్క నీడ పడతాదో నీకు తెలుసు గదా, ఆ పక్క కూచుంటా, కాళ్లు చాపుకోని. ఫోటో ఎవురు తీసినారో తెలుసుకోవాల్సినోళ్లు ఎవురైనా ఉంటే, వచ్చి నా పక్కన కూచోని అడగమను."